పెట్టెలో వచ్చింది వలయం, మాకు కావలసింది యార్డు

మా నడిమి గదిలో బీరువాకూ కిటికీకీ మధ్య ఉన్న గోడ పొడవు నాలుగడుగుల మూడంగుళాలు. కావలిలో మేముంటున్న అద్దె ఇంట్లో ఇంతకు మించిన ఖాళీ గోడ లేదు. మొన్నటి దాకా అక్కడ కుట్టు మిషను ఉండేది. దాన్ని వరండాలోకి జరపడానికి మా ఆవిడ ఒప్పుకునేసరికి పదకొండు రోజులు పట్టింది. "ఏమండీ, యాభై రెండేళ్ళ మనిషికి రైలు బొమ్మేమిటండీ" అన్నది మొదటి రోజు మాట. "మామయ్యగారికి పొద్దుపోతుందంటే సరే" అన్నది పదకొండో రోజు మాట.

మామయ్యగారంటే మా నాన్న. ఎనభై నాలుగేళ్ళు. బిట్రగుంట యార్డులో పాయింట్స్‌మన్‌గా, అంటే బండి దారి మళ్ళించే పట్టాలు మార్చేవాడిగా చేరి, షంటింగ్ జమేదారుగా రిటైరయ్యాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇప్పుడు గుమ్మం దాటడం తక్కువ. ఎప్పుడైనా స్టేషనుకు తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెడితే, ఆగకుండా దూసుకుపోయే బండ్లను చూసి "పోతే పోయాయిలే" అని మొహం తిప్పుకుంటాడు. పరిగెత్తే బండి మీద ఆయనకు ఏనాడూ మోజు లేదు. నిలిచిన బండిని విప్పి, వ్యాగన్లను వేరు చేసి, కావలసిన వరుసలో మళ్ళీ కూర్చడమే ఆయన చేసిన పని. పుట్టినప్పటి నుంచి ఈ సంగతి తెలిసినవాణ్ణే. రైలు సెట్టు తెప్పించుకునేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. ఈ సమీక్షలో సగం ఆ మతిమరుపు కథే.

తెప్పించుకున్నది జపాను కంపెనీ కాటో వారి బొమ్మ రైలు, ఎన్ గేజ్ అనే చిన్న కొలతది. మా చెల్లెలి కొడుకు టోక్యోలో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి వస్తూ సామానులో పెట్టుకొచ్చాడు. ట్రాకూ కంట్రోలరూ కలిసిన పెట్టె ఒకటి, డీఈ10 అనే డీజిల్ ఇంజను ఒకటి, ప్యాసింజరు బోగీలు నాలుగు, నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు ఎనిమిది. ధర అడిగితే "వదిలెయ్ మామయ్యా" అన్నాడు. అందుకని ఆ లెక్క నేను చెప్పలేను. బయట కొనేవాళ్ళు ఒకటి మాత్రం తెలుసుకోవాలి. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023 బడ్జెటులో 70కి పెంచారు. జపానులో చవకగా కనిపించిన పెట్టె మన గుమ్మంలోకి వచ్చేసరికి చవకగా ఉండదు.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. కాబట్టి కొలతల గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను.

అసలు రైలులో 87వ వంతు ఉండేది హెచ్‌ఓ, దాని పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ అంటే 160వ వంతు, 9 మి.మీ. జపాను వాళ్ళు తమ మామూలు రైళ్ళను 150వ వంతు చేస్తారు గానీ ట్రాకు అదే 9. మన పాత ఐసీఎఫ్ (చెన్నై బోగీల ఫ్యాక్టరీ) బోగీ పొడవు 21.3 మీటర్లు. హెచ్‌ఓలో అది ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు, ఎన్‌లో 13.3. ఇలాంటి చిన్న లేఅవుట్లలో, అంటే బొమ్మ పట్టాల అమరికల్లో, బోగీ పొడవుకు మూడింతలైనా వంపు వ్యాసార్ధం ఉంటేనే చూపుకు బాగుంటుందని ఒక వాడుక లెక్క ఉంది. హెచ్‌ఓలో ఆ లెక్క పాటిస్తే వలయం అడ్డంగా ఐదడుగుల దాకా పోతుంది. మా గోడ దగ్గర రెండడుగుల కన్నా లోతు ఇస్తే బీరువా తలుపు తెరుచుకోదు. కాబట్టి హెచ్‌ఓ సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయింది. ఇంకా చిన్నదైన జెడ్ కూడా ఉంది, 6.5 మి.మీ. అది నాన్న కళ్ళకు ఆనదు, నా వేళ్ళకు చిక్కదు.

అయినా ఆశ ఊరుకుంటుందా? నెల్లూరు స్టేషను, పెన్న వంతెన, పడుగుపాడు, వరుసగా బిట్రగుంట దాకా కాగితం మీద గీసుకున్నాను. ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చేసరికి లెక్క వేశాను. 24 బోగీల రైలును ఎన్ గేజ్‌లో కూర్చినా పొడవు దాదాపు పదకొండడుగులు. మా నడిమి గది పది. ఇంజను వంటింట్లో ఉంటే గార్డు దేవుడి గదిలో ఉంటాడన్నమాట. కాగితం మడిచి పెట్టేశాను.

పెట్టె వచ్చే ముందే ట్రంకు రోడ్డు పక్క సందులోని వడ్రంగి దగ్గర నాలుగడుగులకు రెండడుగులు, 12 మి.మీ. ప్లైవుడ్ కోయించి ఉంచాను. భోగి రోజు సాయంత్రం పెట్టె విప్పి ముక్కలు కలిపితే వలయం చెక్క మీద పట్టలేదు. రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు గాలిలో వేలాడింది. వంపు ముక్కల మీద 315 అని ఉంటుంది. నేను దాన్ని చూసి 31.5 రెట్టింపు 63, చెక్క 61, ఏదో సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆ 315 పట్టాల నడిమి గీత దాకా లెక్క. దానికి అటూ ఇటూ కంకర గట్టు ఉంది, గట్టు వెడల్పు సుమారు 25 మి.మీ. అంటే మొత్తం అరవై ఐదున్నర. ముప్పై ఏళ్ళుగా వృత్తాలు చెబుతున్నవాడు చేయాల్సిన పొరపాటు కాదు. పెట్టె తప్పేమీ లేదు, కొలత దాని మీదే అచ్చు వేసి ఉంది. రెండడుగుల చెక్కకు 282 వ్యాసార్ధం ముక్కలైతే 59 సెంటీమీటర్లలో అంచు మీద నిలబడతాయి, 249 ముక్కలైతే 52తో హాయిగా సర్దుకుంటాయి. కాటోలో ఇవన్నీ విడిగా దొరుకుతాయి. ముందు గోడ కొలిచి, తరువాత ముక్కలు ఎంచుకుని, ఆ పైన పెట్టె కొనాలి. నేను ఈ వరుసను తలకిందులుగా చేశాను.

అడాప్టరు గురించి ఇక్కడే చెప్పాలి. జపాను ఇళ్ళలో కరెంటు 100 వోల్టులు, మనది 230. అక్కడి నుంచి తెచ్చిన అడాప్టరును మన ప్లగ్గులో పెట్టే ముందు దాని వెనక అచ్చు వేసిన అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. మాది 100కే పరిమితం. పండుగ మూడు రోజులూ దుకాణాలు మూసి ఉంటే, కనుమ మరునాడు వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కొచ్చాకే ఇంజను కదిలింది.

చెక్క మీద పట్టలేదు కనుక ట్రాకును నేల మీద పరిచాం. మూడు సాయంత్రాలు రైలు తిరిగింది. బోగీలు వంపులో చివరలు బయటికి చొచ్చుకుని వంకరగా కనిపించాయి, అది మూడింతల లెక్క తప్పినందుకు. ఇంజను మాత్రం ఎంత మెల్లగా అంటే అంత మెల్లగా, కుదుపు లేకుండా నడిచింది. మొదటి సాయంత్రం నాన్న కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. రెండో సాయంత్రం అడిగాడు.

"ఎక్కడికి పోతోందిరా ఇది?"

"చుట్టూ తిరుగుతోంది నాన్నా."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకు తిరుగుతోంది?"

జవాబు చెప్పలేకపోయాను. మూడో సాయంత్రం ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు. నాకూ ఆవులింతలు వచ్చాయి.

మరునాడు పొద్దున్నే కాఫీ తాగుతూ, బల్ల మీద పడి ఉన్న శుభలేఖ వెనక్కి తిప్పి పెన్ను అడిగాడు. ఒక గీత గీశాడు. అది చీలి రెండయింది. రెండోది మళ్ళీ చీలి మూడయింది. "ఇది షంటింగ్ నెక్. ఇవి మూడు లైన్లు. చివర డెడ్ ఎండ్. పాయింట్లు రెండు చాలు. దీని మీద ఇంజనుకు పని ఉంటుంది" అన్నాడు. పాయింటంటే దారి రెండుగా చీలే చోట బండిని మళ్ళించే పట్టాల ముక్క. వ్యాగన్లు లైన్లలో ఉంటాయి, వాటిని బయటికి లాగి మరో లైనులోకి తోయడానికి ఇంజను వెనక్కి పోయి నిలబడే జాగాను నెక్ అంటారు. యార్డులో పనిచేసినవాళ్ళ మాట అది.

ఆయన గీసిన బొమ్మే ప్రపంచమంతా ఆడే ఒక ఆట అని నాకు ఆ తరువాత తెలిసింది. ఇంగ్లండులో అలన్ రైట్ అనే మోడలర్ చేసిన ఇంగ్లెనూక్ సైడింగ్స్ అది. ఒక లైనులో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పట్టాలి. నెక్‌లో ఇంజనుతో పాటు మూడే పట్టాలి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. వాటిలోంచి చీటీ తీసినట్టు ఐదింటిని ఎంచి, చీటీ వచ్చిన వరుసలోనే పొడవు లైనులో కూర్చాలి. ఎనిమిదిలో ఐదింటిని వరుస తప్పకుండా తీసే విధాలు 8×7×6×5×4, అంటే 6,720. రోజుకు ఒకటి చొప్పున ఆడినా పద్దెనిమిదేళ్ళు వస్తుంది. వలయం మూడు రోజులు వచ్చింది.

ఇక స్థలం లెక్క. మా వ్యాగను కొక్కేలతో కలిపి 6 సెంటీమీటర్ల లోపు. ఇంజను తొమ్మిదిన్నర. నెక్‌కు 28 సెం.మీ. కావాలి. కాటో నాలుగో నంబరు పాయింటు పొడవు 126 మి.మీ., చీలిక 15 డిగ్రీలు, వంపు వ్యాసార్ధం 481. దాని పక్కన అదే వ్యాసార్ధం వంపు ముక్క ఒకటి ఎదురు తిప్పి పెడితే, చీలిన దారి మళ్ళీ సమాంతరమై 33 మి.మీ. దూరంలో నిలుస్తుంది. రెండు పాయింట్లూ, రెండు వంపులూ, వాటి తరువాత మూడు వ్యాగన్ల జాగా. అన్నీ కూడితే సుమారు 96 సెంటీమీటర్లు, మూడడుగుల పైచిలుకు. వెడల్పు చూస్తే మూడు లైన్లకూ కలిపి పది సెంటీమీటర్లు కూడా రాదు. నేను రెండడుగుల వెడల్పు కోసం బీరువా తలుపుతో యుద్ధం చేస్తే, నిజానికి అవసరమైనది అరడుగు. వంటింటి అలమరలో పోపు డబ్బాల అర కూడా అంతకంటే వెడల్పు.

లెక్క సరిచూసుకోవడానికి శుభలేఖలనే 25 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి చెక్క మీద పరిచాను. కంప్యూటర్‌లో ట్రాకు గీసుకునే స్కార్మ్, ఎనీరైల్ లాంటివి ఉన్నాయి. అవి బాగానే ఉంటాయి గానీ, మోకాళ్ళ మీద కూర్చుని అట్టముక్క జరుపుతుంటే చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో, కిటికీ రెక్క ఎక్కడ తగులుతుందో తెరమీద తెలియదు. పైగా మా ఇంట్లో శుభలేఖలకు కొదవ లేదు.

పాయింట్ల కోసం చెన్నైలోని ఒక దుకాణానికి రాశాను. పేరెందుకు గానీ, ఎడమ పాయింటు ఒకటి, కుడి పాయింటు ఒకటి అని స్పష్టంగా రాస్తే రెండూ ఎడమవే పంపారు. మూడుసార్లు ఫోను చేశాను. పెట్టె విప్పాక వెనక్కి తీసుకునేది లేదన్నారు. వంపు ముక్కలతో కలిపి ఏడు వేలు దాటిన సరుకు. నేను గొంతు పెంచుతుంటే నాన్న రెండు పాయింట్లూ చేతిలోకి తీసుకుని, ఒకదాని వెనక ఒకటి చెక్క మీద పెట్టి చూశాడు. "ఫోను పెట్టేయ్ అబ్బయ్యా. రెండూ ఎడమవైతేనే మంచిది. లైన్లన్నీ గోడ వైపుకు జరుగుతాయి, ముందు వైపు చెయ్యి పెట్టుకోవడానికి జాగా ఉంటుంది." నిజమే. కుడి పాయింటు వచ్చి ఉంటే ఒక లైను నా పొట్టకు తగులుతూ చెక్క అంచు మీద ఉండేది. దుకాణం వాళ్ళు పొరపాటున మంచి చేశారు. అంత మాత్రాన మళ్ళీ అక్కడ కొనను.

వడ్రంగి దగ్గరికి చెక్క మళ్ళీ తీసుకెళ్ళి నిలువునా సగానికి కోయించాను. "రెండు వారాల కిందే చెబితే ఒక్క కోతతో పోయేది కదా సార్" అన్నాడు. కింద ఒకటిన్నర అంగుళం రీపర్లతో చట్రం కొట్టించాను. ఇది మాత్రం తప్పనిసరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు తీరం మీద పడే వానలకు గోడలే చెమర్చుతాయి, చట్రం లేని ప్లైవుడ్ అరటాకులా వంగుతుంది. ట్రాకు వంగితే వ్యాగన్లు వాటంతటవే దొర్లుతాయి. గోడకు ఎల్ బ్రాకెట్లు మూడు. ఎత్తు నాన్న కుర్చీలో కూర్చుంటే కంటికి సమానంగా. కోత, చట్రం, బ్రాకెట్లు అన్నీ కలిపి పద్నాలుగు వందలు. అమెరికాలో కార్ల్ ఆరెంట్ అనే ఆయన సూక్ష్మ లేఅవుట్లకు ఒక నిర్వచనం పెట్టాడు, నాలుగు చదరపు అడుగుల లోపు ఉండాలని. మాది నాలుగడుగులకు ఒక అడుగు, లెక్కకు సరిగ్గా నాలుగు. వడ్రంగి రంపపు కోతలో పోయిన పొట్టు పుణ్యమా అని మేము కూడా ఆ జాబితాలోకి వచ్చినట్టే.

మూడడుగుల పైచిలుకు యార్డును నాలుగడుగుల చెక్క మీద వేస్తే ఒక చివర పాతిక సెంటీమీటర్లు మిగిలింది. దాని మీద మా ఇంట్లో వారం రోజులు తగువు నడిచింది. "స్థలం పెట్టుకుని నెక్ పొట్టిగా ఎవడైనా వేస్తాడా? బండి మొత్తం పట్టాలి నెక్‌లో" అంటాడు నాన్న. మూడు వ్యాగన్లే పట్టాలన్నది ఆట నియమం, నాలుగు పడితే ఆట చప్పబడిపోతుంది అంటాను నేను. చివరికి నెక్‌ను పొడవుగానే వేసి, 28 సెంటీమీటర్ల దగ్గర పట్టాల మధ్య ఒక అగ్గిపుల్ల అడ్డం పెట్టాం. అది దాటితే తప్పు. రెండు రోజులు పుల్ల తీసి ఆడాడు. మూడో రోజు చూస్తే పుల్ల తిరిగి దాని చోటికి వచ్చి ఉంది. నేనేమీ అడగలేదు.

ఇప్పుడు సరుకు గుణం. కాటో ట్రాకులో పట్టా, స్లీపరు, కంకర గట్టు అన్నీ ఒకే ముక్క. ముక్క చివర ఉన్న చిన్న ప్లాస్టిక్ జోడింపు రెండోదానిలోకి దూరితే చిటుక్కుమని శబ్దం వస్తుంది, అంతే, కలిసినట్టు. లోపలే లోహపు కలుపు ఉంటుంది, కరెంటు దానిగుండా పోతుంది. నేల మీద నుంచి చెక్క మీదికి, చెక్క కోయించాక మళ్ళీ, తగువు రోజుల్లో మరో నాలుగైదుసార్లు, ఎన్నిసార్లు విప్పి కలిపినా పట్టు సడలలేదు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఇదొక్కటి చాలు, ఇల్లు మారేటప్పుడు విప్పి చెప్పుల పెట్టెలో పెట్టుకుపోవచ్చు. పాయింటును పక్కనున్న చిన్న మీటతో వేలితోనే మళ్ళించుకోవచ్చు. అడుగున మరలు ఉంటాయి, వాటితో కరెంటు మళ్ళిన దారికే పోయేలా పెట్టుకోవచ్చు. ఒక్క ఇంజను ఉన్న మాలాంటి వాళ్ళకు దాని అవసరం లేదు.

ఇంజను గురించి ఎంత చెప్పినా తక్కువే. కంట్రోలరు పిడిని గోటి మందం తిప్పితే చాలు, పాకినట్టు కదులుతుంది. వ్యాగను దగ్గరికి వచ్చి ఆనించేటప్పుడు ఆ పాకడమే కావాలి. నాన్న మొదటిసారి అది చూసి "డ్రైవరు మంచివాడు" అన్నాడు, నన్ను కాదు, ఇంజన్ని. వ్యాగన్లు కూడా ఆయనకు నచ్చాయి. ఇప్పుడు మన లైను మీద కనిపించేవన్నీ ఎనిమిది చక్రాల పెద్ద వ్యాగన్లు, ఆయన తొలినాళ్ళలో నాలుగు చక్రాలవే. ట్రాకు మాత్రం పెదవి విరిపించింది. "ఇది మీటర్ గేజ్‌లా ఉందేమిరా" అన్నాడు. దొనకొండ వైపు మీటర్ గేజ్ బండ్లు ఎక్కిన మనిషి. లెక్క వేస్తే ఆ కన్ను తప్పు చెప్పలేదు. మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ., 160వ వంతు చేస్తే పదిన్నర రావాలి, ఇది తొమ్మిది. జపాను మామూలు లైన్లు 1,067, అంటే వాళ్ళకేమో ఇది ఎక్కువ వెడల్పు. ఎవరి కొలతకూ అతకదు.

ఆటకు దిగే ముందు నాన్న పట్టుబట్టిన పని ఇంకొకటి ఉంది, ఫౌలింగ్ మార్క్. రెండు లైన్లు కలిసే చోట, ఇది దాటి వ్యాగను నిలబెడితే పక్క లైనులో వచ్చే బండికి తగులుతుందని చెప్పే గుర్తు అది. అసలు యార్డులో పట్టాల మధ్య తెల్లసున్నం వేసిన రాయి ఉంటుంది. మొదటి లైనులో ఒక వ్యాగను, రెండో లైనులో ఒక వ్యాగను పెట్టి, రెండింటినీ వేళ్ళతో మెల్లగా ముందుకు తోశాం. మూలలు రాసుకున్న చోట పెన్సిలు గుర్తు పెట్టి, అక్కడి నుంచి కొద్దిగా లోపలికి వచ్చి, పట్టాల మధ్య ఒక బియ్యపు గింజ జిగురుతో అంటించాం. అడ్డంగా, తెల్లగా. రెండు గింజలు, రెండు గుర్తులు. రెండో లైనులో మూడు వ్యాగన్లు నిలబెడితే ఆఖరు కొక్కేనికీ గింజకూ మధ్య నాలుగు మి.మీ. మిగిలింది. ఆ నాలుగు మి.మీ. చూసుకుని మేమిద్దరం ఎంత సంతోషించామో మా ఆవిడకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆట ఇలా నడుస్తుంది. మొన్న వచ్చిన చీటీల్లో మొదటిది 3. ఆ వ్యాగను రెండో లైనులో డెడ్ ఎండ్‌కు ఆనుకుని ఉంది, దాని ముందు 1, దాని ముందు 7. నాన్న చేయి ఛాతీకి అడ్డంగా అటూ ఇటూ ఊపుతాడు, తన వైపుకు రమ్మని. నేను కంట్రోలరు తిప్పుతాను. ఇంజను మూడింటినీ పట్టుకుని నెక్‌లోకి లాగుతుంది, అగ్గిపుల్లకు వెంట్రుక వాసిలో ఆగుతుంది. పాయింటు మొదటి లైనుకు మారుస్తాను. నాన్న చేయి పైకీ కిందకీ ఆడిస్తాడు, పొమ్మని. తోసుకుంటూ వెళితే ముందుండేది 3. అది లైనులోకి పోయాక, 1కీ 3కీ మధ్య కొక్కెం విప్పాలి. దానికి పనిముట్లేవో అమ్ముతారట. మేము కొబ్బరి ఈనె వాడతాం, మొన సన్నగా చెక్కి. ఈనె పెట్టి కొక్కెం లేపేది నాన్న, ఆయన చేయి వణుకుతుంది గానీ ఈనె మొన కొక్కేనికి తగిలిన క్షణం వణుకు ఆగుతుంది. 7, 1 తిరిగి రెండో లైనులోకి. ఇంకా నాలుగు చీటీలు. సులువైన వరుస పది నిమిషాలు, చిక్కుముడి అయితే గంట. నాలుగు వ్యాగన్లు కుదిరి ఐదోదాని కోసం మూడింటిని మళ్ళీ బయటికి లాగాల్సి వచ్చినప్పుడు ఆయన నోటి నుంచి వచ్చే మాటలు యార్డువి, ఇక్కడ రాయలేను.

ఆ గంటలోనే పాత సంగతులూ వస్తాయి. ఆవిరి ఇంజను అయితే బొగ్గూ నీళ్ళూ కావాలి, అందుకే బిట్రగుంటలో అంత పెద్ద లోకో షెడ్డు, గుండ్రటి ఇంజన్ల ఇల్లు, దాని మధ్య ఇంజన్ని తిప్పే బల్ల. చెన్నై, విజయవాడ మధ్య మార్గమంతా 1980 నాటికి కరెంటు లైనైంది. కరెంటు ఇంజనుకు దాహం వేయదు. "ఆగాల్సిన పని లేకపోతే ఊరెందుకు" అని ఒకసారి అని, వెంటనే "పాయింటు మార్చు, ఏం చూస్తున్నావు" అన్నాడు.

నిర్వహణ చిన్నదే గానీ తప్పదు. తుమ్మలపెంట సముద్రం ఇక్కడికి దగ్గర, గాలిలో ఉప్పు తేమ. పట్టాలు నికెల్ సిల్వర్ కనుక తుప్పు పట్టవు గానీ మసకబారతాయి, ఫ్యాను దుమ్ము దాని మీద పేరుకుంటుంది. అప్పుడు ఇంజను పాయింటు నడుమ తటపటాయిస్తుంది. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి నూలుగుడ్డ మీద వేసి వారానికోసారి పట్టాలు తుడుస్తాను, చక్రాలు నెలకోసారి. గరుకు కాగితంతో రుద్దవద్దు, గీతల్లో దుమ్ము కాపురం పెడుతుంది. ఆట లేనప్పుడు పాత పంచె కప్పుతాం.

చెక్క చివర మిగిలిన పాతిక సెంటీమీటర్లలో నెక్ పక్కన అట్టతో లోకో షెడ్డు ముందు భాగం చేశాను. గుండ్రంగా చేసే స్థలం లేదు. నాన్న చూసి ఊరుకున్నాడు, అంటే నచ్చలేదు.

ఎవరు కొనాలి? ఇంట్లో చిన్నపిల్లలు ఉండి రైలు గిర్రున తిరగడమే కావాలంటే, రెండున్నర అడుగుల వెడల్పు బల్ల ఉంటే, వలయం పెట్టె నిక్షేపంగా కొనుక్కోవచ్చు. గోడ పక్క సన్నటి జాగా మాత్రమే ఉండి, తీరికగా కూర్చునే మనిషి ఇంట్లో ఉంటే పెట్టె జోలికి పోవద్దు. కంట్రోలరు విడిగా, నాలుగో నంబరు పాయింట్లు రెండు, 481 వంపులు రెండు, 248 పొడవు నిటారు ముక్కలు నాలుగు, సర్దుబాటుకు 124, 62 ముక్కలు కొన్ని. మెల్లగా నడిచే చిన్న ఇంజను ఒకటి, పొట్టి వ్యాగన్లు ఎనిమిది. బోగీలు వద్దు. మా నాలుగు బోగీలూ బీరువా మీద పెట్టెలోనే ఉన్నాయి.

315 వంపు ముక్కలు కూడా అక్కడే ఉన్నాయి. కావలి చుట్టుపక్కల ఎవరికైనా సరిపడే బల్ల ఉంటే ఊరికే ఇచ్చేస్తాను. కాకపోతే వలయానికి ఎనిమిది కావాలి, నా దగ్గర ఏడే ఉన్నాయి. ఎనిమిదోదాన్ని నాన్న చీటీల మీద ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. అడిగితే ఇవ్వనన్నాడు.